కంటికో రంగు

నంద్యాల బజారులో దీపాలు పెట్టిన వేళ కొన్న ఊలు ఉండ, మరునాడు ఉదయం ఆళ్లగడ్డలో ఇంటి అరుగు మీద అదే రంగులో కనపడదు. సుమారు 40 కిలోమీటర్ల బస్సు ప్రయాణంలో ఊలు మారలేదు. దాని మీద పడుతున్న వెలుగు మారింది. ఇల్లాలు మాత్రం దుకాణదారు వేరే ఉండ కట్టి ఇచ్చాడనుకుంటుంది. దుకాణదారు ఆమె సరిగా చూసుకోలేదంటాడు. అల్లిక పూర్తి అయిన తరువాత చూసినవారు ఆమెకు రంగుల అభిరుచే లేదని తేల్చివేస్తారు. మొదటి రెండు మాటలూ పొరపాట్లు. మూడవది పొరపాటే గాక అన్యాయం కూడా. ఇక్కడ విమర్శకు తీసుకొన్నది ఆ మూడవ మాటను.

ముందు వెలుగు సంగతి చెప్పుకోవాలి. వస్తువు తనపై పడిన కాంతిలో కొంత పీల్చుకొని, మిగిలినదాన్ని తిప్పి పంపుతుంది. ఆ తిరిగి వచ్చినదే మన కంటికి రంగు. పడే కాంతిలోనే లేని కిరణాలను ఊలు తిప్పి పంపలేదు. పగటి వెలుగులో వర్ణపటమంతా దాదాపు నిండుగా ఉంటుంది. ఈనాటి తెల్లని ఎల్.ఇ.డి. దీపంలో 450 నానోమీటర్ల దరిదాపుల ఒక నీలి శిఖరం, దాని తరువాత పసుపు చుట్టూ ఒక వెడల్పాటి గుట్ట ఉంటాయి. చౌకరకం దీపాలలో ముదురు ఎరుపు కిరణాలు కొరతగా ఉంటాయి. అందువల్ల మిరపపండు రంగు ఊలు ఆ దీపం కింద వాడినట్లుంటుంది. దీనికంటె చిత్రమైనది మరొకటి ఉన్నది. వేరువేరు మందులతో అద్దిన రెండు ఉండలు దుకాణంలో అచ్చుగుద్దినట్లు ఒకే రంగులో ఉండి, ఎండలో చూడగానే వేరుపడతాయి. కన్నులో రంగును పసికట్టే శంకు కణాలు మూడే రకాలు. ఆ మూడింటినీ ఒకే పాళ్లలో కదిలించిన రెండు వేరు కాంతులను కన్ను ఒక్కటిగానే లెక్క కడుతుంది. దీపం మారితే ఆ పాళ్లు తప్పిపోతాయి. పాత బట్టల దుకాణాలలో చీరను గుమ్మం దాకా తెచ్చి చూపించే అలవాటు ఏ శాస్త్రగ్రంథమూ చదవకుండా కుదిరిన మంచి ప్రయోగం.

ఇక అభిరుచి. "పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అన్న సామెతకు "కంటికో రంగు" అని కూడా చేర్చి, రంగుల విషయంలో వాదమే అనవసరమని కొందరు అంటారు. అట్లా అన్నవారే మరొక పూట తోరణాన్నో బల్లగుడ్డనో చూసి "మోటుగా ఉన్నది" అంటారు. నిండు రంగు మోటు, లేత రంగు నాజూకు. ఎరుపు పక్కన ఆకుపచ్చ పల్లెటూరితనం, గంధం పక్కన బూడిద చదువుకొన్న లక్షణం. ఈ తీర్పు ఇంటి గోడల మధ్య ఆగిపోతే చర్చించవలసిన పని లేదు. కాని చేతిపనులు అమ్ముడుపోయే చోట ఇదే ధర కడుతుంది. అదే సూది, అదే శ్రమ, అన్ని గంటలే పట్టిన రెండు పనులలో ఒకదానికి రంగు కారణంగా తక్కువ ముడుతుంది.

ఈ భావం కొత్తది కాదు. జర్మను మహాకవి గేటే 1810లో ప్రచురించిన వర్ణసిద్ధాంత గ్రంథంలో, అనాగరికులూ చదువులేనివారూ పిల్లలూ నిండు రంగులను ఇష్టపడతారనీ, సంస్కారం గలవారు వాటికి దూరంగా ఉంటారనీ వ్రాశాడు. గేటే రంగులను ఎంతో ఓపికగా గమనించినవాడే. అయినా ఈ ఒక్క చోట తన ఊరి పెద్దమనుషుల దుస్తులను చూసి ప్రకృతి నియమమని భ్రమించాడు. ఆయన మాట నిజమైతే, ఐరోపా రాజులూ మతగురువులూ వందల ఏళ్లుగా ఎర్రని, ఊదారంగు అంగీల కోసం అంత ధనం పోసి ఉండకూడదు. నిండు రంగు అప్పుడు అరుదు, అందుచేత గౌరవం. 1856లో లండనులో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ కొయినా మందు తయారు చేయబోయి ఊదారంగు మందు కనిపెట్టాడు. 1868లో మంజిష్ఠ ఎరుపును ప్రయోగశాలలో తయారు చేయడం సాధ్యమైంది. 1897లో కృత్రిమ నీలిమందు అంగడికి వచ్చింది. కడప, కర్నూలు జిల్లాలలో నీలిమందు పండించిన రైతులకు దాని దెబ్బ బాగా తెలిసింది. ఆ తరువాత ఏ కూలివాని చీటీగుడ్డ అయినా రాజుగారి అంగీ అంత నిండుగా ఉండవచ్చు. నిండు రంగు చౌక కాగానే నాజూకుతనం లేత రంగులోకి మకాం మార్చుకొన్నది.

ఈనాడు మరొక రూపంలో కూడా ఈ భావం వినపడుతున్నది: వెలవెలబోయినదే సహజమైన రంగు, నిండుగా మెరిసేది కృత్రిమం అని. చరిత్ర దీనికి సాక్ష్యం ఇవ్వదు. మచిలీపట్నం తీరం నుంచి 17, 18 శతాబ్దులలో ఐరోపాకు ఎగుమతి అయిన అద్దకపు బట్టలను అక్కడివారు మెచ్చింది వాటి నిండుతనానికీ, ఉతికినా పోని గట్టితనానికీ. ఆ ఎరుపు చిరివేరుది. పటిక దానిని నూలుకు పట్టించి ఉంచేది. నలుపును ఇనుప తుక్కు, బెల్లం నానబెట్టిన నీటితో, కరక్కాయ పట్టించిన బట్టమీద రప్పించారు. ఇవన్నీ చెట్టూ మట్టీ ఇచ్చిన రంగులే. వెలవెలబోయినవి మాత్రం కావు. అసలు అద్దకమే లేని రంగు కావాలంటే గొంగళి ఉన్నది. దక్కను జాతి నల్ల గొర్రె ఉన్నితో నేసి, చింతగింజల గంజి పెట్టిన ఆ గొంగళికి గొర్రె ఏ రంగు అయితే అదే రంగు.

మనం "ఊలు" అనే మాటను నేడు ఎంత ధారాళంగా వాడుతున్నామో గమనించదగినది. మామూలు దుకాణాలలో ఊలు పేరిట అమ్మే ఉండలలో చాలా భాగానికి గొర్రెతో సంబంధమే లేదు. అవి అక్రిలిక్ దారాలు. ఈ రకం దారాన్ని అమెరికాలో డూపాంట్ కంపెనీ 1950లో పెద్ద ఎత్తున తయారు చేయసాగింది. అక్రిలిక్ పోగులలో ఋణ విద్యుదావేశం గల చోట్లు ఉంటాయి. ధన విద్యుదావేశం గల ఒక జాతి రంగుమందులు వాటికి గట్టిగా అతుక్కొంటాయి. ఇదే జాతి మందులు నూలు మీదా పట్టు మీదా వేస్తే తళతళలాడి, ఎండకు త్వరలో వెలిసిపోతాయి. అక్రిలిక్ మీద మాత్రం తళుకూ ఉంటుంది, నిలకడా ఉంటుంది. కనుక రాణీ రంగు తోరణం కళ్లు జిగేలుమనిపించేటట్లున్నదంటే దానికి మొదటి బాధ్యత అల్లినామెది కాదు, ఆ పోగుది. అంగడిలో ఆమె ముందు పరచిన ఉండలన్నీ ఆ జాతివే. వాటిలో ఎంచుకోమని చెప్పి, తరువాత ఎంపికను చూసి నవ్వడం మర్యాద కాదు.

రంగు మందులోనే కాక ఉపరితలంలో కూడా ఉంటుందనడానికి ఆళ్లగడ్డ శిల్పుల పని చక్కని తార్కాణం. ఉలి దెబ్బలు తిన్న చోట నల్లరాయి బూడిద రంగులో కనపడుతుంది. నునుపు పెట్టిన చోట నిగనిగలాడే నలుపు తేలుతుంది. గరుకు ఉపరితలం కాంతిని అన్ని దిక్కులకూ వెదజల్లుతుంది. ఆ తెల్లని కాంతి రాతి నలుపు మీద పొరలాగా కప్పుతుంది. నునుపైన చోట ఆ పొర తొలగిపోతుంది. రంగుమందు చుక్క అయినా లేకుండా శిల్పి ఒకే రాతిలో రెండు రంగులు చూపుతున్నాడు. నూగు ఎక్కువగా ఉన్న ఊలుదీ ఇదే కథ. నూగు కాంతిని చెదరగొట్టడం వల్ల రంగు మెత్తబడుతుంది, తడిపితే ముదురుతుంది. గట్టిగా పేనిన దారమూ, వదులుగా పేనిన దారమూ ఒకే తొట్టిలో అద్దినా ఒకే రంగులో తేలవు.

ఇష్టం అనేది ఎక్కడ నుంచి వస్తుందో శాస్త్రజ్ఞులు పరిశీలించకపోలేదు. 1941లో ఐసెంక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అప్పటివరకు జరిగిన ప్రయోగాలన్నిటినీ కూడగట్టి, మనుషులు నీలాన్ని అన్నిటికంటె ఎక్కువగా మెచ్చుతారనీ, ఎరుపు, ఆకుపచ్చ ఆ తరువాతివనీ, పసుపు చిట్టచివరిదనీ ఒక వరుస చెప్పాడు. పసుపు కుంకుమల దేశంలో ఈ వరుస చదివినవారికి కొంత నవ్వు రావచ్చును. నవ్వు సకారణమే. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన బ్రిటిషువారిని, ఆఫ్రికాలో నమీబియా దేశపు హింబా తెగవారిని ఒకే రంగుల ముందు కూర్చోబెట్టి చూసింది. నీలానికి అగ్రస్థానం హింబా వారిలో కనపడలేదు; వారు నిండు రంగులను మెచ్చారు. లోకమంతటికీ ఒకే ఇష్టం అన్న మాట అక్కడితో బలహీనపడింది.

మరి తేడా దేనివల్ల? కాలిఫోర్నియాలో పామర్, ష్లాస్ అనే ఇద్దరు 2010లో ఒక సమాధానం చెప్పారు. మనిషి తాను ఇష్టపడే వస్తువులు ఏ రంగువో ఆ రంగును ఇష్టపడతాడట. రోత కలిగించే వస్తువుల రంగును రోసిపోతాడట. ఇందులో ఒక చిక్కు ఉన్నది. వస్తువు వల్ల రంగు మీద ఇష్టం కలిగిందా, రంగు వల్ల వస్తువు మీదనా అని అడిగితే జవాబు తేలిక కాదు. అయినా తెలుగులో రంగుల పేర్లు వింటుంటే ఈ సిద్ధాంతం మన బజారులోనే పుట్టిందా అనిపిస్తుంది. వంగపండు రంగు, మామిడిపిందె రంగు, చిలకపచ్చ, నెమలికంఠం, కనకాంబరం, ఆవపువ్వు, బచ్చలిపండు, గంధం, ఇటుక రంగు. వీటిలో రంగుకు విడి పేరు లేదు. చేను, పెరడు, పూజగది, పిట్ట, గోడ ఉన్నాయి. ఉత్త "పచ్చ" అంటే తెలుగులో ఆకుకూ చెల్లుతుంది, పసుపుకూ చెల్లుతుంది, అందుకే దుకాణదారు "ఏ పచ్చ?" అని అడగవలసి వస్తుంది. కంపెనీ రంగుల పట్టీలో ఈ పేర్లు ఉండవు, అంకెలుంటాయి. బనగానపల్లె మామిడిపండు రంగు కావాలని వచ్చినామె 47వ నంబరు ఉండ పట్టుకొని పోతే, ఆమె ఇష్టంలో ఎంత భాగం ఆమె చేతిలో మిగిలిందో ఆలోచించవలసిన విషయమే.

పసిపిల్లల స్వెట్టర్ల విషయంలో ఈ అరువు ఇష్టం మరీ స్పష్టం. ఆడపిల్లకు గులాబీ, మగపిల్లవానికి లేత నీలం అని అల్లిక పుస్తకాలు చెప్పినదాన్ని తరతరాల ఆచారంగా పాటిస్తున్నారు. ఆ పుస్తకాలు పుట్టిన పడమటి దేశాలలోనే అది అంత పాత ఆచారం కాదు. 1918 నాటికి కూడా అమెరికాలో మగపిల్లవానికి గులాబీ, ఆడపిల్లకు నీలం తగినవని సలహా చెప్పిన వ్యాపార పత్రిక ఉన్నది.

అయితే బాగోగులు చెప్పడమే కూడదా అంటే, చెప్పవచ్చును. కాని ఒక రంగును విడిగా పట్టుకొని కాదు. ఫ్రెంచి రసాయనికుడు షెవ్రోల్ 1824లో పారిసులోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల శాఖకు అధికారి అయ్యాడు. నీలి, ఊదా రంగుల మధ్య వాడిన నల్ల ఊలులో పస లేదని అక్కడ ఫిర్యాదు. ఆయన నల్లమందును పరీక్షించి చూశాడు, దోషం లేదు. దోషం పక్కనున్న రంగుది. నీలం తన పక్కనున్న నలుపు మీద నారింజ చాయ పడినట్లు కంటికి తోపిస్తుంది, నలుపు తుప్పు పట్టినట్లవుతుంది. పదిహేనేళ్లు ఈ సంగతే తరచి 1839లో పెద్ద గ్రంథం వ్రాశాడు. నీలం ఊలులో నల్ల అంచు వేసి, నలుపు నాసిరకమని వాపోయే అల్లికగత్తెలు ఇప్పుడు కూడా ఉన్నారు.

ఈ కొలబద్దతో చూస్తే నంద్యాల, ఆళ్లగడ్డ ఇళ్లలో కనపడే పనుల మంచిచెడ్డలు వేరుగా తేలుతాయి. గుమ్మానికి కట్టే ఊలు తోరణంలో సాధారణంగా కనపడే లోపం రంగులు నిండుగా ఉండడం కాదు. అయిదారు రంగులు సమానమైన మేర, సమానమైన కాంతితో పక్కపక్కన నిలబడడం లోపం. కన్ను ఎక్కడ ఆగాలో తెలియక అన్నిటి మీదా తిరుగుతుంది. ఆ రంగులనే తీసుకొని ఒకదానికి మూడు వంతులు మేర ఇచ్చి, మిగిలినవాటిని చుక్కలుగా చల్లితే అదే తోరణం నిలుస్తుంది. ప్లాస్టిక్ వైరు బుట్టను హేళన చేసేవారు చాలామంది ఉన్నారు గాని, రంగుల కూర్పులో అది తోరణం కంటె మెరుగు. రెండే రకాల వైరు కట్టలు, గళ్లు గళ్లుగా పడే ముడి; అల్లిక పద్ధతే కూర్పును అదుపులో ఉంచుతుంది.

అన్నిటికంటె చెప్పుకోదగినది సుగాలీల అద్దాల కుట్టు. పేరుకు మోటు అన్న మాట దీని మీద పడినంతగా మరి దేని మీదా పడలేదు. తీరికగా చూడండి. కింద ముదురు నీలమో ముదురు ఎరుపో పరచిన బట్ట. దాని మీద పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. ఒక రంగుకూ మరొక రంగుకూ మధ్య తెల్లదారపు కుట్టు గట్టు వేసినట్లు నడుస్తుంది. ఆ గట్టు వల్ల పక్కరంగు చాయ ఇటు పడదు. ప్రతి రంగూ తన నిండుతనంతో నిలుస్తుంది. గవ్వల తెలుపు, అద్దాల మెరపు కన్ను ఆగే చోట్లు. షెవ్రోల్ పుస్తకం వ్రాసి చెప్పిన తెలివి ఇక్కడ సూదిమొనలో ఉన్నది. పొరుగునున్న బళ్లారి జిల్లా సండూరు లంబాణీల కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. పల్లె వాడకం దృష్ట్యా కూడా నిండు రంగుకు కారణం ఉన్నది. నల్లరేగడి దుమ్ములో లేత రంగు ఒక్క పూటకే మాసినట్లుంటుంది. ఎండకు వెలిస్తే మురికి తెలుపవుతుంది. నిండు రంగు సగం వెలిసినా రంగుగానే మిగులుతుంది.

ఆ వెలవడం ఎంతో ఇంటిలోనే పరీక్షించవచ్చును. పరిశ్రమలలో ఎండకు రంగు నిలకడను 1 నుంచి 8 వరకు అంకెలతో కొలుస్తారు. ఎనిమిది నీలి ఉన్ని పట్టీలను నమూనాతో పాటు వెలుగులో ఉంచి పోల్చడం పద్ధతి. ఇంటిలో అట్టముక్కకు రకానికి నాలుగు చుట్లు చొప్పున దారాలు చుట్టి, సగం భాగం మరొక అట్టతో మూసి, రెండు వారాలు మిద్దె మీద ఎండలో ఉంచితే చాలును. మూత తీస్తే ఏ దారం ఏపాటిదో తనే చెబుతుంది.

కన్ను కూడా అందరిదీ ఒకటి కాదు. వయసు మళ్లిన కొద్దీ కంటిలోని కటకం పసుపుబారి నీలి కిరణాలను అడ్డుకుంటుంది. ముసలమ్మ కొస దాకా నల్ల ఊలనుకొని అల్లినదానిలో నడుమ రెండు వరుసలు ముదురు నీలం దొర్లితే అది పరధ్యానం కాదు. పురుషులలో కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. ఐరోపా సంతతివారిలో నూటికి సుమారు 8 మంది పురుషులు అట్టివారు. స్త్రీలలో ఇది చాలా అరుదు. కాబట్టి భార్య అల్లిన అంచు కనపడటం లేదని ఫిర్యాదు చేసే భర్త ముందుగా తన కన్ను పరీక్ష చేయించుకోవడం క్షేమం.

ఇంత చెప్పినా ఒక ప్రశ్న మిగిలే ఉన్నది. రంగును ఎంచుకొనే అధికారం ఎవరిది? 1643లో లండనులోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సూరతులోని తమవారికి ఉత్తరం వ్రాస్తూ, ఎర్రని నేల గల అద్దకపు దుప్పట్లు అమ్ముడుపోవడం లేదు, తెల్లని నేల ఎక్కువగా ఉండేటట్లు చేయించమని కోరారు. అద్దేవారి ఇష్టాన్ని ఎవరూ అడగలేదు. నరసాపురం లేసు సంగతి కూడా ఇంతే. 1982లో మరియా మీస్ అనే జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు అక్కడి స్త్రీలను గురించి గ్రంథం వ్రాసింది. దారం వ్యాపారిది, నమూనా వ్యాపారిది. ఇంటిలో కూర్చొని క్రోషియా సూదితో అల్లే ఆమెకు ముక్కకు ఇంత అని కూలి. అక్కడ తెలుపు ఆమె అభిరుచి అని ఎవరంటారు? వితంతువు కట్టవలసి వచ్చిన తెలుపును ఆమె ఇష్టమనడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

దారం తన సొంతమైన ఇల్లాలికి కూడా సంచీ బరువు ఉన్నది. స్వెట్టరుకు కావలసిన ఊలంతా ఒకేసారి కొనగలిగినవారు ఒకే రంగులో అల్లుతారు. వారానికి ఒక ఉండ చొప్పున కొనుక్కొనేవారికి రెండవ వారం ఆ రంగు దొరకకపోవచ్చు. దొరికినా, ఉండ చుట్టూ ఉన్న కాగితం మీద అద్దకపు లాటు నంబరు వేరై ఉంటుంది. తొట్టి మారితే చాయ మారుతుంది. అందుచేత నడుమ ఒక చార పడుతుంది. ఇక ఆరు రంగుల తోరణాలలో చాలా వాటికి మూలం ఆరు పాత పనులలో మిగిలిపోయిన ఊలు. ఆ రంగులను ఆమె ఎంచుకోలేదు, అవి మిగిలాయి. వాటిని పారవేయకుండా వరుస కట్టింది. ఈ వరుసను చూసి అభిరుచి లేదన్నవారు నిజానికి ఆమె డబ్బుసంచీని విమర్శిస్తున్నారు.

రెండు లాట్ల ఊలు కలపక తప్పనప్పుడు మొదటి ఉండ పూర్తిగా అయిపోయేదాకా ఆగకూడదు. కొంత మిగిలి ఉండగానే కొత్త ఉండ అందుకొని, రెండు వరుసలు దీనితో, రెండు వరుసలు దానితో మార్చి మార్చి అల్లుకొంటూ పోతే, చాయలోని తేడా చారగా తేలకుండా అల్లికలో కలిసిపోతుంది.